పేరు తెలిస్తే చాలదు: పాదువా విశ్వవిద్యాలయ ఓషధీవన సందర్శనం

తోటకు కంచె వేయడం మనకు కొత్త కాదు. మేకలూ ఆవులూ మేయకుండా ముళ్ళకంప నాటుకుంటాం. కాని ఇటలీ దేశంలోని పాదువా పట్టణంలో, విశ్వవిద్యాలయం వారి ఓషధీవనం చుట్టూ 1552లో నిర్మించిన గుండ్రని గోడ పశువులను ఆపడానికి కట్టినది కాదు. రాత్రివేళ మనుష్యులు చొరబడి అందులోని మూలికలను పెకలించుకొని పోతూండేవారు. జరిమానా, కారాగారవాసం, దేశబహిష్కారం వంటి శిక్షలు ప్రకటించినా దొంగతనాలు తగ్గలేదు. చివరకు గోడ తప్పలేదు. ఆ కాలపు ప్రజలు మూలికకు ఎంత విలువ కట్టారో తెలియడానికి ఆ గోడ ఒక్కటే చాలునని నాకు తోచింది.

వెనిస్ నగరం నుండి పాదువాకు రైలులో అరగంట ప్రయాణం. మా అక్క కుమారుడు అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. ఇప్పుడు ఆ పట్టణంలో తెలుగు విద్యార్థులు చాలామందే ఉన్నారు. మేనల్లుని చూడడం ఒక మిష. మూలికల మీద మమకారం గల నాకు ఆ తోటను చూడాలన్నదే అసలు కోరిక. సెయింట్ ఆంథొనీ ఆలయానికీ, సాంతా జుస్తీనా ఆలయానికీ నడుమ, కాలిబాటన వెళ్ళగలిగినంత దగ్గరలో ఉన్నది ఆ వనం. చెట్ల కొమ్మల మీదుగా ఆలయ గోపురాలు కనిపిస్తూ ఉంటాయి.

1545లో వెనిస్ గణరాజ్యపు పెద్దల సభ శాసనం చేసి, సాంతా జుస్తీనా మఠం వారి భూమిలో ఈ తోటను ఏర్పాటు చేసింది. పుట్టిన చోటనే నేటికీ నిలిచి ఉన్న విశ్వవిద్యాలయ ఉద్యానాలలో ప్రపంచం మొత్తం మీద ఇదే అతి ప్రాచీనమైనది. పీసా నగరంలోని తోట దీనికంటే ముందే ఏర్పడినా, తరువాతి కాలంలో స్థలం మార్చుకొన్నది. 1997లో యునెస్కో వారు పాదువా వనాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. ఈ ఘనతలన్నీ ప్రవేశద్వారం వద్ద ఫలకాలు చదివితే తెలిసేవే. మన పాఠకులకు ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఈ తోట ఎందుకు పుట్టిందన్నదే ఆ విషయం.

చూపించి చెప్పిన చదువు

ఆ రోజులలో యూరపు వైద్యులు మూలికలను గ్రంథాలలోనే చదువుకునేవారు. గ్రీకు, లాటిను, అరబ్బీ భాషల గ్రంథాలలో ఒకే మొక్కకు నాలుగు పేర్లు, నాలుగు మొక్కలకు ఒకే పేరు. వైద్యుడు పేరు వ్రాసి ఇచ్చేవాడు. దుకాణదారు తనకు తోచిన వేరునో బెరడునో పొట్లం కట్టి ఇచ్చేవాడు. అది పొరపాటో మోసమో తేల్చగలవారు లేరు. ఆకు ఎలా ఉంటుందో వైద్యునికే తెలియదు. తెలిసిన పల్లెవాసులను ఎవరూ అడగరు.

పాదువా విశ్వవిద్యాలయంలో 1533 నుండి మూలికల శాస్త్రాన్ని బోధించిన ఫ్రాంచెస్కో బొనఫెదే అనే ఆచార్యుడు ఈ దుస్థితిని సహించలేకపోయాడు. ఉపన్యాసంతో పని జరగదు, విద్యార్థి మొక్క ముందు నిలబడాలి, దాని వేరు మొదలు గింజ వరకు కంటితో చూడాలి అన్నది ఆయన పట్టు. ఆయన కోరిక మీదనే ఈ తోట వెలసింది. 1546లో తొలి సంరక్షకునిగా నియమితుడైన లుయీజీ స్క్వాలెర్మో, అంగ్విల్లారా అన్న పేరుతో ప్రసిద్ధుడు. ఆయన సుమారు 1,800 రకాల ఓషధులను ఇక్కడ పెంచాడని చెబుతారు. కాలక్రమాన మూలికలను 'చూపించడమే' ఒక ఆచార్య పదవిగా ఇక్కడ స్థిరపడింది. ఒకరు పాఠం చెబుతారు; మరొకరు తోటలోకి తీసుకొని వెళ్ళి, ఇదిగో ఇదే అని వ్రేలితో చూపుతారు. శవాన్ని కోసి శరీర నిర్మాణం చూపించడానికి ఇదే విశ్వవిద్యాలయంలో 1595లో ప్రత్యేకంగా ఒక మందిరం కట్టారు. శరీరాన్నీ, మొక్కనూ గ్రంథంలో కాక ఎదుట పెట్టుకొని చదవాలన్నది ఆ ఊరి వైద్యవిద్య పట్టుదల.

ఈ పట్టుదలకు ధనం కూడ ఒక కారణమే. తూర్పు దేశాల సుగంధద్రవ్యాల వ్యాపారం వెనిస్ చేతిలో ఉండేది. 'థెరియాక్' అనే సర్వవిషహర లేహ్యానికి ఆ నగరం పేరుపొందింది. అరవైకి పైగా ద్రవ్యాలతో, పాము మాంసంతో సహా, దానిని తయారుచేసేవారు. అందుకు కావలసిన పాములు పాదువా దగ్గరి కొండలలోనే దొరికేవి. తయారీకి ముందు ద్రవ్యాలన్నింటినీ బహిరంగంగా ప్రదర్శించేవారు. నకిలీ సరుకు కలపలేదని జనం చూచి నమ్మాలి. ఆ ద్రవ్యాల జాబితాలో శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు మూడూ ఉన్నాయి. మన త్రికటు చూర్ణం అన్నమాట! మన ఇళ్ళలో జలుబు చేసినప్పుడు తేనెతో చప్పరించే ఆ మూడూ, సముద్రాలు దాటి వెళ్ళి, అక్కడ రాజులు కోరుకునే లేహ్యంలో చేరాయి. పాముల సంగతి ఎలా ఉన్నా, ఈ మూడింటి ఎంపికలో వారి వివేకాన్ని మెచ్చుకోవచ్చు.

వావిలికి దూరపు బంధువు

గోడ లోపల గుండ్రని ఆవరణ. దాని వ్యాసం ఎనభై మీటర్లకు పైమాటే. ఆ వృత్తంలో ఒక చతురస్రం. దిక్కులను అనుసరించి వేసిన బాటలు దానిని నాలుగు భాగాలు చేస్తాయి. ఒక్కొక్క భాగంలో రాతి అంచులు గల చిన్న చిన్న మడులు. మన యజ్ఞవేదికల మీద వేసే ముగ్గులు జ్ఞాపకం వచ్చాయి. ప్రతి మొక్క పక్కనా శాస్త్రీయ నామం వ్రాసిన పలక ఉంటుంది. ఆకును తాకి, వాసన చూచి మొక్కను తెలుసుకొనడానికి అంధుల కోసం బ్రెయిలీ పలకలతో ప్రత్యేకమైన ఏర్పాటు కూడ ఉన్నది. ఇది నాకు ఎంతో నచ్చింది. కన్ను మోసపోయే చోట ముక్కు మోసపోదని మన పెద్దవైద్యులకు తెలుసు. ఆకును నలిపి వాసన చూడనిదే పసరు తీయనివారిని నా చిన్నతనంలో నేను చూచాను.

ఒక పొద వద్ద మేనల్లుడు ఆగిపోయాడు. ఆకును మెల్లగా రుద్ది వ్రేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకొని, "మామయ్యా, ఇది వావిలి కదూ? చెల్లి పుట్టినప్పుడు అమ్మమ్మ నీళ్ళలో వేసి కాచిన ఆకు ఇదే" అన్నాడు.

"దగ్గరకు వచ్చావు గాని, కాదు నాయనా. ఇది వావిలి కాదు, దాని జ్ఞాతి" అని చెప్పాను.

మన వావిలిని శాస్త్రజ్ఞులు వైటెక్స్ నెగుండో అంటారు. అక్కడిది వైటెక్స్ ఆగ్నస్-కాస్టస్. రెండింటికీ అరచేయి వ్రేళ్ళవలె చీలిన ఆకు, ఊదారంగు చిన్న పూల గుత్తులు, ఘాటైన వాసన. వావిలికి మూడు నుండి ఐదు చీలికలు ఉంటాయి. దాని జ్ఞాతికి సాధారణంగా ఐదు నుండి ఏడు. వావిలాకును మనం ఒంటినొప్పులకు, వాపులకు కాపడంగా, బాలింతల స్నానపు నీటిలో, పడిశానికి ఆవిరిగా వాడుతాం. యూరపులో ఆ జ్ఞాతి గింజలను స్త్రీల ఋతుసంబంధమైన బాధలకు లోపలికి ఇస్తారు. గర్భిణులకు ఇవ్వరాదని హెచ్చరిస్తారు. చూడబోతే అక్కాచెల్లెళ్ళు, పనులు వేరు, ప్రమాదాలు వేరు. ఈ తోటలో 1550 నాటి ఆగ్నస్-కాస్టస్ మొక్క ఒకటి 1984 వరకు జీవించింది. నాలుగువందల ముప్పై ఏళ్ళకు పైగా విద్యార్థులకు తన ఆకును చూపి, ఇక సెలవు తీసుకొన్నది.

అది పోయిన తరువాత తోటలో పెద్దవయసు ఒక తాటిజాతి చెట్టుది. 1585లో నాటిన ఆ చెట్టును ఎనిమిది పలకల అద్దాల మందిరంలో కాపాడుతున్నారు. విసనకర్రల వంటి ఆకులు. 1786లో జర్మనీ మహాకవి గోథే ఇక్కడికి వచ్చి ఈ చెట్టు ముందు నిలబడి ఆశ్చర్యపోయాడు. లేతదశలో దాని ఆకు బల్లెపు మొనవలె ఒంటిగా ఉంటుంది. పైకి వెళ్ళిన కొద్దీ చీలి చీలి చివరకు విసనకర్ర అవుతుంది. తోటమాలిని అడిగి ఆ దశలన్నింటి ఆకులనూ వరుసగా కోయించుకొని దాచుకొన్నాడు. 1790లో మొక్కల రూపపరిణామాన్ని గురించి ఆయన ఒక గ్రంథం ప్రకటించాడు. కవిగారి సిద్ధాంతం మనకు ఇప్పుడు అవసరం లేదు. కాని ఆయన చూచినదానిలో గృహిణులకు పనికివచ్చే విషయం ఉన్నది: ఒకే చెట్టు ఆకు వయసును బట్టి మారుతుంది. నీలగిరి తైలపు చెట్టునే చూడండి. లేతమొక్కకు గుండ్రని, బూడిదపూత పూసినట్టున్న ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. ముదిరిన చెట్టుకు కొడవలి వంటి పొడుగాటి ఆకులు. రెండింటినీ పక్కపక్కన పెడితే ఒకటే చెట్టువని ఎవరూ అనరు. కనుక ఆకు ఒక్కటే చూచి మొక్కను నిర్ణయించరాదు. పువ్వు, కాయ కూడ చూడాలి.

విషపు మడులు

తోటలో విషపుమొక్కలకు వేరే మడులు ఉన్నాయి. అక్కడ మన పెరటి ఆముదాన్ని చూచి నవ్వుకున్నాను గాని, నవ్వవలసినది కాదు. ఆముదపు నూనె మందు. గింజను నమిలి మింగితే ప్రాణాపాయం. ఆ జాతివే మరికొన్ని: గన్నేరు, ఉమ్మెత్త జాతులు, డిజిటాలిస్.

డిజిటాలిస్ కథ ప్రత్యేకంగా చెప్పవలసినది. 1785లో విలియం విదరింగ్ అనే ఆంగ్ల వైద్యుడు దానిని నీరుపట్టిన జబ్బులో వాడే పద్ధతిని వివరించి గ్రంథం వ్రాశాడు. గుండెకు బలమిచ్చే మందుగా తరతరాలు వాడారు. కాని దాని తొలి సంవత్సరపు మొక్కకు పువ్వు ఉండదు, నేలకు అంటుకొన్న ఆకుల గుత్తి మాత్రమే. 'కాంఫ్రే' అనే మరో మొక్క ఆకు కూడ చూపుకు అలాగే ఉంటుంది. కాంఫ్రే అనుకొని డిజిటాలిస్ ఆకు కాచుకొని త్రాగి, గుండె లయ తప్పి ఆసుపత్రి పాలైనవారి ఉదంతాలు వైద్యపత్రికలలో పలుమార్లు వచ్చాయి.

మరొకటి వత్సనాభి. దాని జాతిని అకోనైట్ అంటారు. శోధన చేయని వత్సనాభి ఘోరవిషమని మన శాస్త్రమే చెబుతుంది. అదే జాతిలో పుట్టిన అతివస, తుంగముస్తలతో, పిప్పళ్ళతో, కర్కాటకశృంగితో కలిసి బాలచాతుర్భద్ర చూర్ణంగా పసిబిడ్డలకు ఇచ్చే మందు. ఒకే కుటుంబంలో ఒకరు ప్రాణం తీసేవారు, ఒకరు పసివారికి కాపు. ఎండిన దుంపలుగా దుకాణంలో పక్కపక్క డబ్బాలలో ఉంటే వేరుచేయగలవారు ఎందరు?

ఇవన్నీ పాతకాలపు భయాలని ఎవరైనా అనుకుంటే, 1993లో 'లాన్సెట్' పత్రికలో బెల్జియం వైద్యులు ప్రకటించిన విషయం చెప్పాలి. బ్రస్సెల్స్ నగరంలో సన్నబడడానికి చైనా మూలికలతో కూడిన మాత్రలు వాడిన యువతులకు ఉన్నట్టుండి మూత్రపిండాలు చెడిపోసాగాయి. కారణం వెదకగా మూలికల పేర్లలోని పోలిక తేలింది. వేయవలసినది 'ఫాంగ్ జీ' అనే స్టిఫానియా వేరు. పడినది దానికి దగ్గరి పేరు గల 'గ్వాంగ్ ఫాంగ్ జీ', అనగా అరిస్టొలోకియా జాతి వేరు. చూర్ణంలో రెండూ ఒకటే రంగు. నూరుమందికి పైగా స్త్రీలు మూత్రపిండాల వ్యాధికి గురి అయ్యారు. డయాలిసిస్‌కూ, మూత్రపిండ మార్పిడికీ వెళ్ళవలసి వచ్చినవారు, తరువాతి కాలంలో మూత్రనాళాలలో క్యాన్సరు వచ్చినవారు వారిలో ఉన్నారు. పాదువాలో గోడ కట్టిన నాలుగువందల నలభై ఏళ్ళ తరువాత, ఆచార్య బొనఫెదే భయపడినదే, ఆధునిక నగరంలో జరిగింది.

మన ఇళ్ళకు ఇందులో నేరుగా సంబంధం ఉన్నది. ఆ అరిస్టొలోకియా జాతి మన పొలాల గట్ల మీదా ఉన్నది. గాడిదగడపాకు అంటామే, అది ఆ జాతిదే. పాముకాటుకు పల్లెలలో చెప్పే ఈశ్వరి వేరు కూడ ఆ జాతిదే. వీటిలోని అరిస్టొలోకిక్ ఆమ్లాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ, మానవులకు క్యాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. అనేక దేశాలు దానిని కడుపులోకి తీసుకొనడాన్ని నిషేధించాయి. కడుపులో పురుగులకని గాడిదగడపాకు పసరు పిల్లలకు పట్టే అలవాటు ఎక్కడైనా మిగిలి ఉంటే నేడే మానివేయడం క్షేమం. పాము కరిస్తే ఈశ్వరి వేరు కోసం వెదకక, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. పూర్వులు వాడారు గదా అని కొందరు వాదిస్తారు. మూత్రపిండం సంవత్సరాల తరువాత చెడితే, కారణం ఎప్పుడో త్రాగిన పసరని పూర్వులకు తెలిసే అవకాశం లేదు.

మన సందిగ్ధ ద్రవ్యాలు

గ్రంథంలో చెప్పిన ద్రవ్యం ఏ మొక్కో పండితులలో ఏకాభిప్రాయం లేనప్పుడు దానిని 'సందిగ్ధ ద్రవ్యం' అంటారు. ఓషధుల పేరూ, రూపమూ గొల్లవారికీ, మేకలకాపరులకూ, అడవిలో తిరిగేవారికీ తెలుసునని చరకసంహిత సూత్రస్థానం అంగీకరిస్తుంది. ఆ రూపజ్ఞానానికి తోడు వాడుకను ఎరిగినవాడే వైద్యుడని దాని భావం. మనకు వచ్చిన కష్టం ఏమంటే, వాడుకలను పుస్తకాలలో కంఠస్థం చేసి రూపజ్ఞానాన్ని వదులుకొన్నాం. కేరళ దేశపు వైద్యుడు ఇట్టి అచ్యుతన్ చూపిన మొక్కల ఆధారంగా, డచ్చి అధికారి వాన్ రీడ్ 1678 నుండి 1693 వరకు పన్నెండు సంపుటాలలో 'హోర్తుస్ మలబారికుస్' ప్రకటించాడు. ఏడువందలకు పైగా మొక్కల చిత్రాలు! చూపించగల వైద్యుడు మనవాడే. అచ్చు వేయించినవాడు పరాయివాడు.

నాకు తెలిసిన ఒక కుటుంబంలో జరిగినది చెబుతాను. నలభై దాటిన గృహిణికి నెలసరిలో రక్తస్రావం అధికమైంది. అశోకచెట్టు బెరడు కషాయం మంచిదని ఎవరో చెప్పారు. మాట నిజమే, అశోకారిష్టం పేరు వినని ఇల్లు లేదు. వారి వీధిలో వరుసగా 'అశోక' చెట్లే ఉన్నాయి. బెరడు చెక్కించి, కాచి, నియమంగా నాలుగు నెలలు త్రాగింది. ఒకరోజు వంటింటిలో స్పృహ తప్పి పడిపోయింది. ఆసుపత్రిలో పరీక్షిస్తే రక్తంలో హిమోగ్లోబిన్ ఆరు గ్రాములకు దిగింది, గర్భాశయంలో కంతులు. రక్తం ఎక్కించవలసి వచ్చింది. ఆమె త్రాగినది అశోక కాదు. వీధుల వెంట స్తంభాలవలె నిటారుగా పెరిగే ఆ చెట్టు నరమామిడి. ఆ బెరడు ఆమెకు విషం కాలేదు గాని, నాలుగు నెలల కాలాన్ని హరించింది.

అసలు అశోకను గుర్తించడం కష్టం కాదు. ఒక ఈనెకు నాలుగు నుండి ఆరు జతల చిట్టి ఆకులు. లేత చిగుళ్ళు రాగిరంగులో వాడిపోయినట్టు వేలాడుతాయి. పువ్వులు నారింజరంగులో గుత్తులుగా పూచి ఎర్రబడతాయి. నరమామిడికి ఒంటి ఆకు, అంచు అలలుగా ముడతలు, పువ్వు లేత ఆకుపచ్చని నక్షత్రం. అసలు అశోక ఇప్పుడు అడవులలో అరుదైపోయింది గనుక, అంగడిలో దాని బెరడుకు బదులు నరమామిడి బెరడు చేరడం విశేషమేమీ కాదు. నిజమైన అశోకే దొరికినా, అధిక రక్తస్రావానికి ముందుగా వైద్యపరీక్ష జరగవలసిందే.

గలిజేరు సంగతి ఇంకా చిత్రమైనది. పునర్నవ కావాలంటే గలిజేరు తెమ్మంటారు. గలిజేరు అని రెండు మొక్కలను పిలుస్తున్నాం. అసలు పునర్నవ అటికమామిడి, బోర్‌హావియా. సన్నని పొడవు కాడల చివర చిన్న గులాబీ పూలు గుత్తులుగా ఉంటాయి. కాయలు జిగటగా బట్టలకు అంటుకుంటాయి. లావు వేరు నేలలో ఏళ్ళ తరబడి ఉండి తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. పునర్నవ అన్న పేరు అందుకే. రెండవది ట్రయాంథిమా. రసం నిండిన ఆకులు, ఎదురెదురు ఆకులలో ఒకటి పెద్దది ఒకటి చిన్నది, ఆకు మొదట సంచి వంటి తొడిమలో ఒంటిగా ఒదిగిన పువ్వు, నల్లని గింజలు. పప్పులో వేసుకొనడానికి ఏది దొరికినా చిక్కు లేదు. వాపులకు మందుగా వాడదలచినప్పుడు మాత్రం, ఏది తెచ్చారో చూడక తప్పదు. అందులోనూ కాళ్ళవాపు గుండెకూ మూత్రపిండాలకూ సంబంధించినదైతే ఇంటివైద్యం పనికిరాదు.

పిల్లల జ్ఞాపకశక్తికని కొనే బ్రాహ్మి మరొక తగవు. కేరళలో బ్రాహ్మి అంటే నీటి అంచున పాకే బకోపా. దళసరి చిట్టి ఆకులు, తెల్లని లేక లేతనీలపు పువ్వు. ఉత్తరాదిన అనేకచోట్ల బ్రాహ్మి పేరున ఇచ్చేది మండూకపర్ణి, అంటే మనం సరస్వతి ఆకు అనేది. పొడుగాటి కాడ మీద మూత్రపిండం ఆకారపు గుండ్రని ఆకు, అంచున నొక్కులు. శాస్త్రంలో బ్రాహ్మి వేరు, మండూకపర్ణి వేరు. రెండూ మేధకు మంచివే గనుక ఇక్కడ తగవు ప్రాణం మీదికి రాదు. రాస్నది కూడ ఇదే వరస. ఉత్తరాదిన అది ప్లూషియా అనే పొద. మన వైపు దుంపరాష్ట్రం. ఢిల్లీలో ముద్రించిన పుస్తకం చదివి మన ఊరి దుకాణంలో రాస్న కొంటే, పుస్తకంలోని మొక్క చేతికి రాదు.

అతిమధురానికి బదులుగా గురివింద వేరును చేర్చడం కూడ పాత అలవాటే. గురివింద గింజ ఎంతటి విషమో మన పల్లెలలో అందరికీ తెలుసు. అటువంటి తీగ వేరును పిల్లల దగ్గుకు చప్పరించమని ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

ఇంటిలో చేయదగినది

తోటలోంచి బయటకు వస్తూ మేనల్లుడు అడిగాడు: "మన దగ్గర ఇటువంటివి లేవా మామయ్యా?" లేకేమి? విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, హైదరాబాదులోని ఉస్మానియాకు, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వృక్షశాస్త్ర విభాగాలు, తోటలు ఉన్నాయి. ఆయుర్వేద కళాశాలలలో ద్రవ్యగుణ విభాగాలవారు ఓషధులను పెంచుతారు. విద్యార్థులు తప్ప గృహస్థులు అక్కడికి వెళ్ళడం అరుదు. అనుమతి అడిగి, పిల్లలను వెంటబెట్టుకొని ఒక ఉదయం వెళ్ళండి. సినిమాకు పెట్టే ఖర్చులో సగం కూడ కాదు.

అనుమానం ఉన్న మొక్కను తీసుకొని వెళ్ళేటప్పుడు రెండు ఆకులు త్రుంచి జేబులో వేసుకొని పోవద్దు. ఎవరూ ఏమీ చెప్పలేరు. పువ్వు, కాయ ఉన్న రెమ్మను, చిన్న మొక్క అయితే వేరుతో సహా తీసి, పాత వార్తాపత్రికల నడుమ పరచి, పైన బరువు పెట్టండి. తేమ పీల్చిన కాగితాలను ప్రతిదినం మార్చాలి. వారం పది రోజులలో ఆరిపోతుంది. ఆరితే పువ్వు రంగు మారుతుంది గనుక, రంగును ముందే వ్రాసి పెట్టుకోవాలి. దొరికిన ఊరు, తేదీ, అక్కడివారు పిలిచే పేరు కూడ వ్రాయండి. ఇలా కాగితాల నడుమ మొక్కలను భద్రపరచే పద్ధతిని వ్యాప్తి చేసిన లూకా గీనీ, పాదువా తోట ఏర్పడిన కాలంలోనే బొలోన్యాలోనూ పీసాలోనూ ఆచార్యుడు. నాలుగున్నర శతాబ్దాలు దాటినా ఇంతకంటే చౌకైన ఉపాయం ఎవరూ కనిపెట్టలేదు.

దుకాణంలో కొనేటప్పుడు చూర్ణం కొనకండి. పొడి అయిన తరువాత ఏ మూలికనూ కంటితో గుర్తించలేరు. కరక్కాయ, తానికాయ, ఉసిరిక, శొంఠి, పిప్పళ్ళు కాయగా, కొమ్ముగా కొని ఇంటిలో దంచుకోండి. బెరళ్ళు, ఎండు వేళ్ళు మాత్రం నమ్మకమైన వైద్యునికి చూపనిదే వాడవద్దు.

కుండీలో పెంచగలిగినవాటిని పెంచుకోవడం అన్నింటికంటె మేలు. సరస్వతి ఆకు, బ్రాహ్మి, తులసి, వాము ఆకు, కలబంద, నేలవేము కుండీలలో చక్కగా వస్తాయి. వావిలికి గోడవార కొంచెం చోటు చాలు. నమ్మకమైన తోట నుండి గుర్తించిన మొక్కను తెచ్చి, తెలుగు పేరుతో పాటు శాస్త్రీయ నామాన్నీ చిన్న పలక మీద వ్రాసి గ్రుచ్చండి. సరస్వతి ఆకు కుండీలో 'సెంటెల్లా', బ్రాహ్మి కుండీలో 'బకోపా' అని ఉంటే, ఇంటి కోడలు మారినా, పనిమనిషి మారినా ఆకు మారదు. వర్షాలు వెనుకబట్టి ఆశ్వయుజం వచ్చేసరికి పొలం గట్ల మీది మొక్కలలో ఎక్కువ భాగం పూతమీదా కాతమీదా ఉంటాయి. కాగితాల నడుమ రెమ్మలు పరచుకొనడానికి తగిన కాలం అదే.